పుట్టకు పాలు, పాముకు పాట్లు

పాము మెడను పిడికిట బిగించి, గాజుగ్లాసు అంచుకు కోరలు ఆనించి, మూగిన జనం ముందు విషం పిండి చూపించే వీడియోలు ఫోన్లలో విచ్చలవిడిగా తిరుగుతున్నాయి. నాగుల చవితికి పుట్టలో పాలు పోసి చెంపలేసుకునే మనమే వాటిని చూసి చప్పట్లు కొడుతున్నాం. ఈ రెండు నాల్కల భక్తి రోత పుట్టిస్తోంది.

విషం తీయనిదే విరుగుడు మందు లేదు. 2000 నుంచి 2019 వరకు దేశంలో ఏటా సగటున 58 వేల మంది పాముకాటుకు బలయ్యారన్నది పరిశోధకుల అంచనా కాగా, ఇన్ని ప్రాణాలు పోతుంటే పాము నొప్పి గురించి చర్చలేమిటని అడిగేవారూ ఉన్నారు. కానీ పామును హింసించినందువల్ల అదనంగా ఒక్క రోగి కూడా బతకడు. తల పట్టి వేలాడదీస్తే మెడ ఎముకలు దెబ్బతింటాయి. కోర విరిగి నోరు చీము పడితే తిండి ముట్టక చస్తుంది. ఆ నెత్తురూ చీమూ కలిసిన విషం మందుకు పనికిరాదు కూడా.

సవ్యంగా చేసే దారి లేక కాదు. చెన్నై సమీపాన వడనెమ్మేలిలో 1978లో ఏర్పడిన ఇరుల గిరిజనుల సహకార సంఘం నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరులను అటవీశాఖ అనుమతించిన మేరకే పట్టి, మట్టికుండల్లో ఉంచి, వారానికోసారి చొప్పున కొద్ది వారాలు మాత్రమే విషం తీసి, పొట్టకింది పొలుసు కత్తిరించి గుర్తుపెట్టి, తిరిగి అడవిలో వదిలేస్తోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంకా ముందుకెళ్లి, పట్టి వదిలే పద్ధతి కన్నా పశువైద్యుల పర్యవేక్షణలో పోషించే పాముల నుంచి విషం సేకరించడమే మేలంటోంది.

వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది 1972లో. అనుమతి లేకుండా నాగుపామును పట్టడమే నేరమైనప్పుడు, పట్టి, పిండి, ఆ దృశ్యాన్ని ఊరంతటికీ చూపించినవారిపై కేసు పెట్టడానికి అటవీ అధికారులకు ఇంకే సాక్ష్యం కావాలి? చవితినాడు పుట్టల దగ్గర బందోబస్తుకు దొరికే సిబ్బంది, ఆ పుట్టలోని పాముకు కష్టమొస్తే ఎందుకు దొరకరు? మందు సీసాపై బ్యాచ్ నంబరు, గడువు తేదీ కచ్చితంగా ఉండాలని పట్టుబట్టే ఔషధ నియంత్రణ అధికారులు, విషమిచ్చిన పాములెన్ని, వాటిని ఎన్నాళ్లు ఉంచారు, ఎన్ని ప్రాణాలతో అడవికి చేరాయి అన్న లెక్కను కూడా అంతే పట్టుదలతో అడిగి, జనం ముందు పెట్టాలి. అది చేతకాని ప్రభుత్వాలు ఈసారి చవితికి భక్తులకు శుభాకాంక్షలు చెప్పే శ్రమ తీసుకోనక్కర్లేదు.