డిస్లెక్సియా పిల్లలకు పరీక్షలో అదనపు సమయం ఒక్కటే ఇస్తే సరిపోదు

డిస్లెక్సియా ఉన్న విద్యార్థికి ఏం చేస్తున్నారని అడిగితే చాలా బడులు చెప్పే జవాబు ఒకటే: పరీక్షలో అదనపు సమయం. మంచిదే. కానీ ఏడాదంతా తరగతిలో ఏ వెసులుబాటూ లేకుండా చివర్లో గంటకు పావుగంట కలిపితే, చదవలేని ప్రశ్న ముందు ఆ బిడ్డ మరో పావుగంట కూర్చోవడం తప్ప జరిగేదేమీ ఉండదు.

డిస్లెక్సియా చూపు లోపం కాదు, తెలివి తక్కువతనమూ కాదు. మాటలోని ధ్వనులను విడదీసి అక్షరాలతో జతపరచడంలో వచ్చే తడబాటు. తోటివాళ్లకు అప్రయత్నంగా జరిగిపోయే ఆ పని వీళ్లకు ప్రతి మాట దగ్గరా శ్రమే. శక్తంతా అక్కడే ఖర్చయిపోయి అర్థం దాకా మిగలదు. అదే పాఠం చదివి వినిపిస్తే చకచకా జవాబులు చెబుతారు.

బోర్డు మీది వాక్యాన్ని నోట్సులోకి దించుకునేటప్పుడు గమనించండి. చదవడం అలవాటైన పిల్లవాడు నాలుగు మాటలు ఒక్క చూపులో పట్టుకుని రాసేస్తాడు. డిస్లెక్సియా ఉన్నవాడు 'వర్షపాతం'లో 'వ' రాసి తలెత్తుతాడు. 'ర' కింద ఒత్తు ఏమిటో చూసుకుని తల దించుతాడు. మళ్లీ ఎత్తేసరికి ఏ వరుసలో ఉన్నాడో తప్పిపోతుంది. బోర్డు తుడిచే వేళకు చేతిలో ఉండేవి తప్పులతో సహా మూడు వరుసలు. ఇంటి దగ్గర చదవాల్సింది వాటినే! దీనికి మందు చాలా చిన్నది. పీరియడ్ మొదట్లోనే అచ్చు నోట్సు ఇవ్వాలి, ముఖ్యమైన మాటల చోట ఖాళీలు వదిలి. నోట్సు మొత్తం నింపి ఇస్తే నేరుగా సంచిలోకి పోతుంది. ఖాళీలు పూరించే పని ఉంటే చెవి పాఠం మీదే ఉంటుంది.

ఆ కాగితం ఎలా ఉందన్నదీ ముఖ్యమే. అక్షరాలు 12 నుంచి 14 పాయింట్లు, వరుసల మధ్య ఒకటిన్నర రెట్ల ఎడం ఉండాలి. ఎడమ అంచు మాత్రమే సమంగా ఉంచాలి. రెండంచులూ సమం చేస్తే మాటల మధ్య ఖాళీలు ఒక్కో వరుసలో ఒక్కోలా సాగి చూపు జారుతుంది. తెలుగులో పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగిలే ప్రమాదం ఉంది కాబట్టి ఎడం ఇంకాస్త పెంచినా తప్పులేదు. అక్షరాల మధ్య ఎడం పెంచితే చదవడం మెరుగైందని ఇటాలియన్, ఫ్రెంచ్ పిల్లల మీద చేసి 2012లో ప్రచురించిన అధ్యయనం చూపింది. రంగుటద్దాలకు, ప్రత్యేక ఫాంట్లకు అంత గట్టి ఆధారం లేదు. వాటి మీద డబ్బు పెట్టడం నా దృష్టిలో వృథా.

తరగతిలో హఠాత్తుగా లేపి గట్టిగా చదవమనడం మానేయాలి. చదివించాలనుకుంటే ఆ పేరా ముందురోజే ఇచ్చి పంపాలి.

ప్రశ్న చదివి వినిపిస్తే మిగతావాళ్లకు అన్యాయం కాదా అని టీచర్లు అడుగుతుంటారు. న్యాయమైన సందేహమే. ఆ పరీక్ష దేన్ని కొలుస్తోందో చూస్తే జవాబు దొరుకుతుంది. సైన్సు పరీక్ష సైన్సును కొలవాలి, అక్కడ ప్రశ్న చదివి వినిపించవచ్చు, స్పెల్లింగుకు మార్కులు కోయకూడదు. చదివే సామర్థ్యాన్నే కొలిచే పరీక్షలో మాత్రం చదివి వినిపిస్తే కొలతే చెడిపోతుంది.

అదనపు సమయాన్ని ఆటల పీరియడ్లోంచి కోసి ఇస్తే పిల్లలు వద్దనేస్తారు. వాళ్లది మొండితనం కాదు, అది వాళ్లకు శిక్షలా తోస్తుంది. ఒకే పద్ధతిలో చేసే 20 లెక్కలుంటే 10 చాలనడం చాలాసార్లు మేలు. స్క్రైబ్ (విద్యార్థి చెబుతుంటే జవాబులు రాసిపెట్టే మనిషి) విషయంలోనూ పొరపాటు జరుగుతుంది. చెప్పి రాయించడం వేరే విద్య, వాక్యం మొత్తం మనసులో కట్టుకుని చెప్పాలి. దాన్ని పరీక్ష హాల్లో మొదటిసారి ప్రయత్నిస్తే మాటలు తెగిపోతాయి. కొన్ని వారాల ముందు నుంచే తరగతి పరీక్షల్లో సాధన చేయించాలి.

ఇవేవీ చదవడం నేర్పవు. ధ్వనికీ అక్షరానికీ ఉన్న లంకెను క్రమపద్ధతిలో నేర్పే బోధన విడిగా సాగుతూనే ఉండాలి. ఏడాది చివర కొత్త టీచరుకు ఒక్క పేజీ అందించాలి: ఏ వెసులుబాట్లు ఇచ్చాం, పిల్లవాడు ఏవి వాడుకున్నాడు, ఏవి వదిలేశాడు, ఎందుకు వదిలేశాడని వాణ్ని అడిగితే ఏం చెప్పాడు.