పాత ఫ్రిజ్‌ను రిటైర్ చెయ్యడం తగునా?

ఈ దేశంలో ప్రతి చిన్న విషయానికీ ఒక కమిటీ ఉంది. పాతికేళ్లుగా వంటింట్లో మూలుగుతున్న ఫ్రిజ్‌ను ఉంచాలా, పంపాలా అన్నదానికి మాత్రం ఏ ప్రభుత్వమూ కమిటీ వెయ్యలేదు. అందుకని జీతభత్యాలేమీ ఆశించకుండా ఆ భారం నేనే నెత్తిన వేసుకున్నాను.

ముందు పాతదాని వాదన వినాలి, వయసులో పెద్దది కాబట్టి. చల్లబడటం లేదన్నది దాని మీద మొదటి అభియోగం. నిజమే, పొద్దున పెట్టిన పాలు సాయంత్రానికి విరుగుతున్నాయి. కానీ చల్లబరచడం ఒక్కటేనా ఫ్రిజ్ పని? దాని నెత్తి మీద స్టెబిలైజర్ కూర్చుంది. స్టెబిలైజర్ మీద లేసు గుడ్డ, గుడ్డ మీద బండి తాళాలు, బీపీ మాత్రలు, కట్టాల్సిన కరెంటు బిల్లు, ఎవరిదో అయిపోయిన పెళ్లి శుభలేఖ. ఇన్ని అదనపు శాఖలు మోస్తున్న మంత్రిని, సొంత శాఖ సరిగ్గా చూడటం లేదని మనం ఎప్పుడైనా దింపామా?

రెండో అభియోగం ఫ్రీజర్‌లో పేరుకునే మంచు. డీఫ్రాస్ట్ బటన్ నొక్కి, కింద పాత పంచె పరిచి, రాత్రంతా ఓపిక పడితే అదే కరుగుతుంది. కానీ మనకు అంత ఓపికెక్కడిది? అట్లకాడ తీసుకుని పొడుస్తాం. ఫ్రీజర్ గోడగా ఉండే అల్యూమినియం రేకులోనే చల్లబరిచే గ్యాస్ తిరిగే సన్నని దారులుంటాయి. అట్లకాడ కాస్త పక్కకి జారిందంటే 'స్స్‌స్' అని ఒక శబ్దం, ఆ తర్వాత నిశ్శబ్దం. మెకానిక్ వచ్చి "గ్యాస్ అయిపోయిందండీ" అంటాడు. వాడుకుంటే అయిపోవడానికి అది వంట గ్యాస్ కాదు, ఎక్కడో కారితేనే పోతుంది. ఆ సంగతి అతనికీ తెలుసు. కారే చోటు వెతకడం కన్నా నింపి డబ్బు తీసుకోవడం తేలిక, అంతే.

ఇక్కడ మన సనత్‌నగర్ గురించి ఒక మాట చెప్పుకోవాలి. హైదరాబాద్ ఆల్విన్ అక్కడ ఫ్రిజ్‌లు చేసేది. బస్సుల బాడీలు కట్టిందీ, చేతి గడియారాలు చేసిందీ ఆ కంపెనీయే. మా అత్తగారింట్లో ఉన్న ఆల్విన్ ఫ్రిజ్‌ను చూస్తే, దాన్ని గడియారాల వాళ్లు కాదు, బస్సుల వాళ్లే చేశారని తెలిసిపోయేది. తలుపు వేస్తే వీధి చివరికి వినపడేది. 1990లలో ఆల్విన్ ఫ్రిజ్‌ల వ్యాపారం వోల్టాస్ చేతికి పోయింది. ఫ్రిజ్ మాత్రం తనకు సంబంధం లేనట్టు నడుస్తూనే ఉంది. అందులో పోసే ఆర్-12 గ్యాస్ ఓజోన్ పొరను తినేస్తోందని తేలి 1987లో మాంట్రియల్‌లో ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. 2010 నాటికి మన దేశమూ ఆ గ్యాస్‌కు స్వస్తి చెప్పింది. అంటే మా అత్తగారి ఫ్రిజ్‌ను ఆపడానికి ఐక్యరాజ్యసమితి దిగి రావాల్సి వచ్చింది.

ఇక కొత్తవాటి సంగతి. షోరూమ్ కుర్రాడు మొదట చూపించేది కరెంటు ఆదాకి ఇచ్చే స్టార్లు. అయితే ఆ స్టార్లు ఫ్రిజ్ సైజును బట్టి ఇచ్చేవి. ఐదు స్టార్ల ఏనుగు కన్నా మూడు స్టార్ల చిన్నది తక్కువ కరెంటు తాగొచ్చు. ఏడాదికి ఎన్ని యూనిట్లో అదే స్టిక్కర్ మీద అంకె వేసి ఉంటుంది, దాన్ని చదివినవాణ్ని నేనింతవరకూ చూడలేదు. పైగా ఆ లెక్కలను ప్రభుత్వం కొన్నేళ్లకోసారి బిగిస్తుంది. అప్పుడు ఐదు స్టార్లతో కొన్న మోడల్, ఏ తప్పూ చెయ్యకుండా మూలన నిలబడే, ఓ స్టార్ పోగొట్టుకుంటుంది.

రెండోసారి చూపించేది వారంటీ. కంప్రెసర్‌కి పదేళ్లు, మిగతా మొత్తానికి ఏడాది. ఇది వ్యాపారం కాదు, వేదాంతం. ఆత్మ శాశ్వతం, దేహం అనిత్యం. కొత్త ఇన్వర్టర్ ఫ్రిజ్‌లో, అంటే అవసరాన్ని బట్టి కంప్రెసర్ వేగం మార్చుకునేదాంట్లో, కంప్రెసర్‌ను ఆడించేది ఓ ఎలక్ట్రానిక్ బోర్డు. దాని దగ్గర వెచ్చగా ఉంటుంది, బొద్దింకలకు అంతకన్నా ఏం కావాలి? ఓ రోజు బొద్దింకా పోతుంది, బోర్డూ పోతుంది. "బోర్డు కొట్టేసింది సార్, కంప్రెసర్ మాత్రం బ్రహ్మాండంగా ఉంది" అని మెకానిక్ అభినందిస్తాడు. బోర్డు ఎప్పుడొస్తుందని అడిగితే, ఆ మోడల్ ఆపేశారంటాడు. కొన్న వస్తువును బాగుచేయించుకునే హక్కు కోసం కేంద్రం 2022లో 'రైట్ టు రిపేర్' అనే వెబ్‌సైటు తెరిచింది. పాలు అందులో పెట్టుకునే వీలు మాత్రం కల్పించలేదు.

ఇంకా డబ్బుంటే తలుపుకి తెర ఉన్నది కొనుక్కోవచ్చు. 2025లో శామ్‌సంగ్ అమెరికాలో అలాంటి ఫ్రిజ్‌ల తెరల మీద ప్రకటనలు వెయ్యడం మొదలుపెట్టింది. డాలస్‌లో మనవాళ్లెవరో గోంగూర పచ్చడి కోసం అర్ధరాత్రి లేస్తే, ఫ్రిజ్ ముందుగా తన ప్రకటన చూపిస్తుందన్నమాట. మన పాత ఫ్రిజ్ తలుపు మీదా పిజ్జా కొట్టువాడి మాగ్నెట్ ఉంది. అందుకోసం వేల డాలర్లు పోయలేదు, పిజ్జాతో పాటు ఊరికే వచ్చింది.

ఇంత విచారణ జరిపి నా నివేదిక రాసేలోగా, జనం తమ తీర్పు తామే ఇచ్చేసుకున్నారు. ఎక్స్‌చేంజ్‌లో పాతదానికి ఇస్తానన్న వెయ్యి రూపాయలు అవమానంగా తోచి, "పండగలకి పనికొస్తుందిలే" అని దాన్ని నలుగురు పట్టి మేడ మీది గదికి ఎక్కిస్తారు. కింద ఐదు స్టార్లది కరెంటు ఆదా చేస్తుంటే, పైన పాతది రెండు నీళ్ల సీసాలనూ సగం తిన్న పూతరేకుల పెట్టెనూ కాపలా కాస్తూ ఏడాది పొడుగునా తిరుగుతుంది. ఖాళీగా ఉండటమెందుకని ఇప్పుడు చికెన్ కూడా రెండేసి కిలోలు తెస్తున్నారు.