చిలుకను గుర్తించాలంటే మెడ కాదు, భుజం చూడాలి

ఆకుపచ్చ రెక్కలు, ఎర్ర ముక్కు కనిపిస్తే చాలు, రామచిలుక అనేస్తాం. 2018లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షిగా ప్రకటించిన ఆ చిలుక ఊళ్లలోనూ నగరాల్లోనూ పుష్కలంగా ఉంది. చిక్కల్లా, దాని పేరు చాటున మిగతా జాతులు మరుగున పడిపోవడమే. వాటిలో అలెగ్జాండ్రిన్ చిలుకను అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ ముప్పుకు చేరువైన జాతిగా గుర్తించింది. రెంటినీ ఒకే గాటన కడితే పెద్దదైన అలెగ్జాండ్రిన్ తగ్గిపోతున్నా మనకు తెలియదు.

అందరూ ముందు చూసేది మెడపట్టీ. పొరపాటు మొదలయ్యేదీ అక్కడే. రామచిలుకల్లో నల్ల గీత, గులాబీ పట్టీ ఎదిగిన మగదానికే స్పష్టంగా ఉంటాయి. ఆడవాటికి, లేత వయసు వాటికి కనిపించవు. పైగా అలెగ్జాండ్రిన్ మగదానికీ అలాంటి పట్టీయే ఉంటుంది. అందుకే భుజం చూడాలి. అక్కడ ముదురెరుపు మచ్చ ఉంటే, తల ఆకుపచ్చగానే ఉంటే, అది అలెగ్జాండ్రిన్. ఆడామగా రెంటికీ ఈ మచ్చ ఉంటుంది. రెక్క ముడుచుకున్నప్పుడు ఈకలు దాన్ని కప్పేయవచ్చు, ఒళ్లు విరుచుకునేదాకా ఆగండి. పొడవును నమ్ముకోవద్దు. రామచిలుక 40 సెంటీమీటర్లు, అలెగ్జాండ్రిన్ 55 పైనే అయినా, తోక ఈకలు రాలితే ఆ తేడా చెరిగిపోతుంది. తలతో పోలిస్తే ముక్కు మరీ భారీగా ఉందా, అరుపు బొంగురుగా ఉందా అన్నవే గట్టి ఆనవాళ్లు.

మూడోది ప్లమ్ హెడెడ్ చిలుక. మగదాని తల ఊదా కలిసిన ఎరుపు, ఆడదాని తల బూడిద రంగు, మెడ చుట్టూ పసుపు. రెంటికీ పైముక్కు పసుపే, తోక కొస తెలుపు. మగదాని భుజం మీదా చిన్న ఎర్ర మచ్చ ఉంటుంది కాబట్టి తల రంగు చూడకుండా తేల్చేయకూడదు. దీన్ని వెతకాల్సింది నల్లమల లాంటి ఆకురాల్చే అడవుల్లో, వాటి అంచు పొలాల్లో. తెల్లవారిన తొలి గంటల్లో వెళ్లండి.

తూర్పు కనుమల తడి అడవుల్లో పిచ్చుకంత చిలుక పొట్టి తోకతో, ఎర్రటి నడుముతో తలకిందులుగా వేలాడుతుంటే అది వేరే జాతి. దాన్ని పోల్చుకోవడం తేలికే.

జాతి తేలకపోతే మీ పక్షుల జాబితాలో ‘చిలుక’ అని మాత్రమే నమోదు చేయండి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా గూళ్ల కాలం. తొర్రల ఫొటోలు, చోటు వివరాలు బయటపెట్టకండి. చిలుక పిల్లలను పట్టేందుకు ఎవరైనా తొర్రను నరికేస్తే మరుసటి ఏడు గూడు పెట్టే చోటూ పోతుంది. ఈ చిలుకలను పట్టినా, అమ్మినా, పంజరంలో పెంచినా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరమే.