‘పరిశోధనకు మాత్రమే’ అన్న సీసా మన ఒంట్లోకి ఎలా వస్తోంది?

‘పరిశోధనకు మాత్రమే, మనుషులు వాడరాదు.’ ఇలా రాసి ఉన్న చిన్న సీసాలు బరువు తగ్గాలనుకునేవాళ్ల ఇళ్లకే నేరుగా చేరుతున్నాయి. లోపల బరువు తగ్గించే మందని చెప్పే తెల్లటి పొడి ఉంటుంది. దాన్ని నీళ్లలో కలిపి, ఇన్సులిన్ సిరంజితో ఎవరికి వారే పొడుచుకుంటున్నారు. ఆ లేబుల్ కాపాడేది అమ్మేవాడిని, వాడేవాడిని కాదు.

బరువు తగ్గించే ఇంజెక్షన్‌గా పరీక్షించిన రెటాట్రూటైడ్‌నే చూడండి. క్లినికల్ ట్రయల్స్ నడుస్తుండగానే ఆన్‌లైన్‌లో అమ్మకానికి వచ్చేసింది. ట్రయల్‌లో చేరినవాళ్లకు రక్తపరీక్షలు చేస్తారు, గుండె వేగం చూస్తారు, తేడా వస్తే మందు ఆపేస్తారు. సీసా కొన్న మనిషి మీద జరుగుతున్నదీ ప్రయోగమే. పక్కన డాక్టర్ ఉండడు, అంతే.

నాకు ఎక్కువ భయం వేసేది డోసు విషయంలో. ఆమోదం ఉన్న సెమాగ్లూటైడ్‌నే (ఓజెంపిక్ ఇంజెక్షన్‌లో ఉండే మందు) బరువు తగ్గడానికి వారానికి 0.25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, 16 వారాల పాటు మెల్లగా పెంచుతూ 2.4 దాకా తీసుకెళ్తారు. కడుపు, పేగులు దానికి అలవాటు పడాలి కదా. సీసాతో తంటాలు పడేవాళ్లకు మిల్లీగ్రాములు, మిల్లీలీటర్లు, సిరంజి మీది యూనిట్లు కలగాపులగం అయిపోతాయి. ఫార్మసీలు తయారుచేసి ఇచ్చిన సీసాలతోనే కొందరు 5 నుంచి 20 రెట్లు ఎక్కువ ఎక్కించుకున్నారని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024లో హెచ్చరించింది. వాంతులు మొదలయ్యాక ఆ మందును వెనక్కి తీయలేం. ఒంట్లో అది సగానికి తగ్గడానికే సుమారు వారం పడుతుంది.

అసలు సీసాలో ఆ మందే ఉందా? 2023లో ఆస్ట్రియాలో నకిలీ ఓజెంపిక్ వాడినవాళ్లు షుగర్ పడిపోయి, మూర్ఛలతో ఆస్పత్రి పాలయ్యారు. ఆ ఇంజెక్షన్ పెన్నులో ఇన్సులిన్ ఉండొచ్చని అధికారులు అనుమానించారు.

మాత్రలైతే భయం లేదనుకోవద్దు. గుండెపోటు, పక్షవాతం ముప్పు ఉందని 2010లో యూరప్, అమెరికా మార్కెట్ల నుంచి తప్పించిన బరువు తగ్గించే మందు సిబుట్రమిన్, ‘మూలికలు’ అని చెప్పి అమ్మే మాత్రల్లో ఆ తర్వాత కూడా బయటపడుతూనే ఉంది.

కొన్నవాళ్లను తిట్టడం నాకు ఇష్టం లేదు. ఆమోదం ఉన్న మందు ఖరీదు, లావుగా ఉన్నందుకు పడే మాటలు, రెండూ కలిసి వాళ్లను ఇటు నెడుతున్నాయి. పట్టుకోవాల్సింది అమ్మేవాళ్లను, ఆ ప్రకటనలకు చోటిచ్చే వేదికలను. ఇప్పటికే వాడుతున్నవాళ్లకు మాత్రం ఒక్క మాట: వాంతులు ఆగకపోయినా, కడుపునొప్పి వీపులోకి పాకినా, చెమటలు పట్టి వణుకు వచ్చినా అప్పటికప్పుడు ఆస్పత్రికి వెళ్లండి. ఆ సీసా కూడా తీసుకెళ్లి డాక్టర్‌కు చూపించండి.