హైబ్రిడ్ కావాలంటే సీటు వదులుకోవాలా?

ఇంట్లో ఆరుగురం. నేను, మా ఆయన, ముగ్గురు పిల్లలు, మా అమ్మ. కారు మార్చాలని రెండు నెలలుగా మూడు వరుసల లగ్జరీ ఎస్‌యూవీలు చూస్తున్నాం, అదీ హైబ్రిడ్ (పెట్రోల్ ఇంజిన్‌తో పాటు బ్యాటరీతో తిరిగే మోటారు కూడా ఉండేది) కావాలని. చూస్తున్నకొద్దీ కోపం పెరుగుతోంది. పోస్ట్ పొడుగ్గా ఉంటుంది, ఓపిక చేసుకుని చదవండి.

మొదటి షోరూంలో సేల్స్ అబ్బాయి మా ఆయన్ని నేరుగా డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి స్క్రీను, స్పీకర్లు, లోపలి లైట్ల రంగులు చూపించడం మొదలుపెట్టాడు. నేను వెనక్కి వెళ్లి మూడో వరుసలోకి ఎక్కాను. ఎక్కడం ఏమిటి, దూరాను. మధ్య సీటు ముందుకు జరిపితే వచ్చిన సందులో ఒక కాలు పెట్టి, తల వంచి, పైన హ్యాండిల్ పట్టుకుని ఒళ్లంతా లోపలికి లాక్కోవాలి. కూర్చున్నాక మోకాళ్లు దాదాపు ఛాతీ దాకా వచ్చాయి. తొడల కింద సీటు తగల్లేదు, బరువంతా నడుము మీదే పడింది. తల వెనక నాలుగు వేళ్ల దూరంలో డిక్కీ అద్దం. ఏసీ గాలి ఎక్కడైనా వస్తోందా అని చెయ్యి పెట్టి వెతికాను, రాలేదు. "అక్కడ ఎలాగూ పిల్లలే కదా మేడమ్ కూర్చునేది" అన్నాడు ఆ అబ్బాయి. మా పెద్దాడు ఇప్పటికే నా భుజం దాటాడు. కారు కొంటే పదేళ్లు వాడతాం. పదేళ్లలో వాళ్లు పిల్లలుగానే ఉంటారా?

మోకాళ్లు అలా లేవడానికి కారణం తర్వాత తెలిసింది. వెనక ఇరుసు, సస్పెన్షన్ అన్నీ ఆ భాగం కిందే ఉంటాయి కాబట్టి అక్కడ నేల ఎత్తుగా ఉంటుంది. పైకప్పు పెంచలేరు కాబట్టి సీటును పల్చగా చేసి కిందికి దించుతారు. నేలకీ సీటుకీ మధ్య ఎత్తు తగ్గితే కాళ్లు ముడుచుకోక తప్పదు. బ్రోషర్‌లో లెగ్‌రూమ్ అంకె బాగానే కనబడుతుంది. కూర్చుని చూస్తే తప్ప ఈ సంగతి తెలియదు.

టయోటా వాళ్ల లగ్జరీ బ్రాండ్ లెక్సస్ సంగతే చూడండి. 2018 మోడల్‌గా ఆర్ఎక్స్ ఎల్ అని తెచ్చారు. మామూలు ఆర్ఎక్స్‌ని వెనక 11 సెంటీమీటర్లు సాగదీసి మూడో వరుస పెట్టారు. ముందు, వెనక చక్రాల మధ్య దూరం (వీల్‌బేస్) మాత్రం పెంచలేదు, అదే 2,790 మిల్లీమీటర్లు. పెద్దవాళ్లకి అక్కడ చోటు లేకపోవడంలో ఆశ్చర్యం ఏముంది? 2023లో మూడు వరుసల కోసమే తయారుచేసిన టీఎక్స్ వచ్చింది. దాని వీల్‌బేస్ 2,950 దగ్గర. తేడా 16 సెంటీమీటర్లు, ఒక జానెడు కూడా లేదు. ఆ కాస్త చోటులోనే మనిషి మనిషిలా కూర్చోగలిగాడు. చేయాలనుకుంటే చేయగలరని అక్కడే తేలిపోయింది.

ఇక నా అసలు బాధ హైబ్రిడ్ గురించి.

ఇంత బరువైన కారుకి హైబ్రిడ్ ఎందుకు ముఖ్యమో ఒక చిన్న లెక్కతో చెప్తాను. లీటరుకు 20 కిలోమీటర్లు ఇచ్చే చిన్న కారు 25 ఇచ్చేలా మారితే 100 కిలోమీటర్లకు 5 లీటర్ల బదులు 4 పడుతుంది, ఒక లీటరు మిగులుతుంది. లీటరుకు 8 ఇచ్చే పెద్ద కారు 10 ఇచ్చేలా మారితే? 12.5 లీటర్ల బదులు 10. రెండున్నర లీటర్లు మిగిలింది. మైలేజీ పెరిగింది రెండు కిలోమీటర్లే, మిగిలిన పెట్రోల్ మాత్రం చిన్న కారుకి రెండున్నర రెట్లు. పైగా స్కూలు, ఆఫీసు, ట్రాఫిక్ అంటూ నిమిషానికోసారి బ్రేకు వేసే బండి మాది. రెండు టన్నుల పైన ఉన్న బరువుని ఆపిన ప్రతిసారీ ఆ శక్తంతా బ్రేకుల్లో వేడిగా పోతుంది. హైబ్రిడ్ దాంట్లో కొంత బ్యాటరీలోకి వెనక్కి తీసుకుంటుంది. అంటే హైబ్రిడ్ అందరికంటే ఎక్కువ అవసరం పెద్ద కుటుంబాలు తిరిగే ఈ పెద్ద కార్లకే.

మరి కంపెనీలు ఏం చేస్తున్నాయి? బీఎండబ్ల్యూ ఎక్స్5 పెట్రోల్‌లో మూడో వరుస అడిగి పెట్టించుకోవచ్చు, ప్లగ్-ఇన్ హైబ్రిడ్ (కరెంటుకి తగిలించి ఛార్జింగ్ పెట్టుకునే రకం) తీసుకుంటే ఆ వరుసే ఉండదు. మెర్సిడెస్ జీఎల్ఈలోనూ అంతే. ఆడీ క్యూ7 ఏడు సీట్ల కారని అందరికీ తెలుసు, దాని ప్లగ్-ఇన్ మోడల్లో సీట్లు ఐదే. బ్యాటరీ వెనక పెట్టేసరికి మూడో వరుస మాయం. మంచి చోటున్న ఆ టీఎక్స్ కూడా మొదట వచ్చినప్పుడు పెట్రోల్ 350లో ఏడు సీట్లు ఇచ్చి, 500హెచ్, 550హెచ్ ప్లస్ హైబ్రిడ్లకు ఆరుతో సరిపెట్టింది. ఎక్కువ మంది ఉన్న ఇంటికి తక్కువ సీట్లు!

సాధ్యం కాదంటే నేను ఒప్పుకోను. వోల్వో ఎక్స్‌సీ90 టీ8 కళ్ల ముందే ఉంది. ఇంజిన్ ముందు చక్రాలను తిప్పుతుంది, ఎలక్ట్రిక్ మోటారు వెనక చక్రాలను తిప్పుతుంది. ఇంజిన్ శక్తిని ముందు నుంచి వెనక్కి మోసే షాఫ్ట్ అక్కర్లేదు కాబట్టి, ఆ షాఫ్ట్ వెళ్లాల్సిన మధ్య భాగంలో బ్యాటరీ అమర్చారు. ఏడు సీట్లూ నిలబడ్డాయి. మూడో వరుస 170 సెంటీమీటర్ల ఎత్తు వాళ్ల వరకే అని కంపెనీయే చెప్తుంది. ఆ నిజాయితీ నాకు నచ్చింది. ఎవరికి సరిపోతుందో ఇంటి నుంచే కొలుచుకుని వెళ్లొచ్చు.

ఇంకోటి చెప్తే మీరూ నొచ్చుకుంటారు. టయోటా గ్రాండ్ హైలాండర్ ఆ లెక్సస్ టీఎక్స్‌కి తోబుట్టువు లాంటిది. దాంట్లో 2.5 లీటర్ల హైబ్రిడ్ ఉంది, 245 హార్స్‌పవర్, ఎనిమిది సీట్లతో కూడా దొరుకుతుంది. ఫ్రంట్ వీల్ డ్రైవ్ మోడల్‌కి అమెరికా ప్రభుత్వ లెక్క గాలన్‌కు 36 మైళ్లు, అంటే లీటరుకు 15 కిలోమీటర్ల పైమాటే. ఎక్కువ డబ్బు పోసి లెక్సస్ బ్యాడ్జి కొంటే ఆ ఇంజిన్ ఇవ్వలేదు. టీఎక్స్ 500హెచ్‌లో 366 హార్స్‌పవర్ ఇచ్చారు, మోటార్ని వేగం కోసం వాడారు. నాకు వేగం వద్దు. ముగ్గురు పిల్లల్ని వెనకేసుకుని నేనెవరితో పందెం వేస్తాను?

పేర్లతో జాగ్రత్త. బీఎండబ్ల్యూ ఎక్స్7, మెర్సిడెస్ జీఎల్ఎస్ లాంటి వాటిలో ఉండే 48 వోల్టుల మైల్డ్ హైబ్రిడ్ ఇంజిన్‌కి చిన్న సాయం చేస్తుందంతే. ట్రాఫిక్‌లో కారుని మోటారుతోనే నడిపేంత బలం దానికి లేదు. "హైబ్రిడ్" అనగానే తలూపేయకుండా ఏ రకమో అడగండి. ప్లగ్-ఇన్ తీసుకుంటే రోజూ ఛార్జింగ్ పెట్టే ఓపిక, పెట్టే చోటు ఉండాలి. యూరోపియన్ కమిషన్ 2021లో రిజిస్టరైన కార్లను రోడ్డు మీద చూస్తే, ప్లగ్-ఇన్‌ల కార్బన్ డయాక్సైడ్ ల్యాబ్ అంకె కంటే సగటున మూడున్నర రెట్లు వచ్చింది. ఛార్జింగ్ అనుకున్నంతగా పెట్టకపోవడమే అందులో పెద్ద కారణం. ఛార్జింగ్ లేకపోతే ఆ పెద్ద బ్యాటరీ మోసుకు తిరిగే బరువే.

భద్రత విషయంలో నాకు టెన్షన్ పెట్టే మాట ఒకటి. అమెరికాలో కార్ల భద్రతను పరీక్షించే ఐఐహెచ్ఎస్ అనే సంస్థ 2022 డిసెంబర్‌లో ముందునుంచి గుద్దే పరీక్షను మార్చి, వెనక కూర్చునేవాళ్ల కోసం ఒక మనిషి బొమ్మను పెట్టింది. ఎంతో మంచి పని. కానీ ఆ బొమ్మ కూర్చునేది రెండో వరుసలో. మూడో వరుసలో కూర్చునే నా కూతురి గురించి ఆ పరీక్ష ఏమీ చెప్పదు. కిటికీల పక్కన తెరలా విచ్చుకునే కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ మూడో వరుస దాకా వస్తుందా, చైల్డ్ సీటు బిగించే కొక్కేలు అక్కడ ఉన్నాయా అని నేను ప్రతి షోరూంలోనూ అడుగుతున్నాను. ఇద్దరు సేల్స్‌వాళ్లు వెంటనే చెప్పలేక లోపలికి వెళ్లి కనుక్కొచ్చారు.

వచ్చే ఆదివారం మళ్లీ టెస్ట్ డ్రైవ్ ఉంది. ఈసారి ఆరుగురం వెళ్తున్నాం, రెండు పెద్ద సూట్‌కేసులు కూడా తీసుకెళ్తున్నాం, మూడో వరుస లేపి ఉంచి, అలాగే డిక్కీ మూసి చూడాలి. మా ఆయన నడుపుతారు. అమ్మ మధ్యలో కూర్చుంటుంది, పెద్దాడూ నేనూ వెనక. కనీసం గంటసేపు దిగం.