బొటనవేలి మీద టెరాబైటు

ఎడమచేతి బొటనవేలు ఇంకా సలుపుతూనే ఉంది. కుడిచేత్తో ఒక్కో అక్షరం ఏరుకుంటూ టైప్ చేస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

జరిగింది ఇంతే. ల్యాప్‌టాప్‌ని పక్కకు లాగాను. దాని వెనకే ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కూడా తోకలా వచ్చి, బల్ల అంచు దాటి కింద పడింది. పడేటప్పటికి లోపల డేటా ఉండే పళ్లెం తిరుగుతోంది. ఆ పళ్లేనికి కొన్ని నానోమీటర్ల ఎత్తులో హెడ్ అనే చదివే ముల్లు తేలుతూ చదువుతుంటుంది. అంత సన్నటి సందులో కాపురం చేసుకుంటున్న ఇద్దరి మధ్య నేను భూకంపం తెప్పించాను. 1956లో ఐబీఎం తెచ్చిన మొట్టమొదటి హార్డ్ డిస్క్‌లో రెండడుగుల వెడల్పు పళ్లేలు 50 ఉండేవి. మొత్తం కలిపి పట్టేది 50 లక్షల అక్షరాలే, ఇప్పటి ఫొటో ఒకటి పడితే గొప్ప. కానీ దాన్ని బల్ల మీంచి తోసేయగల మొనగాడు పుట్టి ఉండడు.

మళ్లీ తగిలించాను. టిక్... టిక్... టిక్. కాసేపటికి కంప్యూటర్ ఎంతో మర్యాదగా అడిగింది: ఈ డిస్క్ వాడాలంటే ఫార్మాట్ చేయాలి, చేయమంటారా? ఇల్లు తగలబడుతోందని మొత్తుకుంటే, బూడిద ఊడ్చిపెట్టమంటారా అన్నట్టుంది. ఆ వాక్యం రాసినవాడు నాకు ఒక్కసారి కనబడాలి.

బ్యాకప్ లేదా అనకండి. ఉంది. అదే డిస్క్‌లో, రెండో పార్టిషన్‌లో. ఫోల్డర్‌కి 'బ్యాకప్' అని పేరు కూడా పెట్టాను. ఒక జేబులోది పోతుందేమోనని రెండో జేబులో కూడా పెట్టుకున్నాను, చొక్కాయే పోయింది.

డిస్క్ కంపెనీకి ఫోన్ చేస్తే, వారంటీ ఉంది సార్, పాతది పంపండి, కొత్తది ఇస్తాం అన్నారు. మరి లోపలి ఫొటోలు? డేటా వారంటీలోకి రాదు సార్. రికవరీ చేసేవాళ్లకి ఫోన్ చేశాను. దుమ్ము లేని గదిలో విప్పాలట, విప్పేముందు చూడాలట, చూసినందుకు విడిగా ఫీజట. వస్తుందా అంటే, 'వస్తే వస్తుంది సార్, రాకపోతే రాదు.' ఆ మాత్రం నేను ఉచితంగానే చెప్పగలను.

ఇక మిగిలింది మేనల్లుడు. వాడికి ఏ కష్టం చెప్పినా 'సింపుల్ మామయ్యా' అంటాడు. రాతపూర్వకంగా ఏదీ పంపడు. ఆరు నిమిషాల వాయిస్ మెసేజ్ పంపాడు. టిక్కుమంటున్న డిస్క్ మీద రిపేర్ ప్రోగ్రాములు నడపొద్దు, ఉన్న ప్రాణం కూడా పోతుంది. ఫ్రీజర్లో పెట్టే చిట్కా అస్సలొద్దు, చెమ్మ చేరుతుంది. డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాంతో మొత్తం డిస్క్‌ని వేరే డిస్క్‌లోకి కాపీ చెయ్యి, అది తేలిగ్గా చదవగలిగేదంతా ముందు లాగేసి, పాడైన చోట్లకి తర్వాత వస్తుంది. ఇక్కడికి నాలుగు నిమిషాలు. అర్థమైందిలే అని ఆపేశాను.

అసలు కథ సాకెట్‌ది. పడ్డప్పుడు డిస్క్‌కున్న యూఎస్‌బీ సాకెట్ కాస్త వంగింది. ఈ రకం డిస్క్‌లో అది బోర్డుకే అతికి ఉంటుంది, పెట్టె విప్పినా లాభం లేదు. కేబుల్ పిన్నుని బొటనవేలితో రవ్వంత పైకెత్తి పడితేనే డిస్క్ కనిపిస్తోంది. టేపు వేశాను, పోయింది. అగ్గిపుల్ల దోపాను, పోయింది. నా వేలు పెడితే వచ్చింది. సెకనుకు 30 మెగాబైట్లు చొప్పున కదులుతోంది. డిస్క్ మొత్తం టెరాబైటు, అంటే పది లక్షల మెగాబైట్లు. పూర్తవ్వాలంటే తొమ్మిది గంటల పైమాటే.

కూర్చున్నాను. ఎడమ బొటనవేలు పిన్ను కింద, కుడి అరచెయ్యి డిస్క్ కదలకుండా దాని పక్కన. మొదటి గంట హాయిగానే గడిచింది. రెండో గంటలో మా ఆవిడ మంచినీళ్లు నోటికందించి, 'ఏవండీ, వదిలేస్తే ఏమవుతుంది?' అంది. 'పోతుంది' అన్నాను. ఆవిడ ఇంకేం అడక్కుండా తలుపు దగ్గరగా వేసి వెళ్లింది. మూడో గంటలో పక్కింటాయన ఏదో పనిమీద వచ్చి, నా వాలకం చూసి, పని చెప్పడం మానేసి కుర్చీ లాక్కున్నాడు. 'ఎప్పట్నుంచి ఇలా?' అన్నాడు. 'పొద్దుట్నుంచి.' 'డాక్టర్లు... అదే, కంపెనీవాళ్లు ఏమన్నారు?' 'ఆశ పెట్టుకోవద్దన్నారు.' ఆయన డిస్క్ వంక చూశాడు. అది టిక్కుమంది. ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేదు. వెళ్తూ వెళ్తూ నా భుజం తట్టబోయాడు. 'తట్టకండి!' అని నేను పెట్టిన కేకకి పాపం చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

నాలుగో గంట. 41 శాతం. ముక్కులో ఏదో మొదలైంది. ముక్కు కింద వేలు నొక్కితే తుమ్ము ఆగుతుందంటారు. నా దగ్గర ఖాళీగా ఉన్న వేళ్లన్నీ ఖాళీలేని చేతులకే ఉన్నాయి. దీపం వంక చూడొద్దని కళ్లు మూసుకున్నాను, నాలుక అంగిటికి నొక్కిపెట్టాను, ఎక్కాలు చదివాను. పదమూడో ఎక్కం సగంలో ఉండగా వచ్చింది. అంతవరకూ ఆపినందుకు వడ్డీతో సహా వచ్చింది.

పిన్ను ఊడింది. సరేలే, ఆగినచోటి నుంచి మళ్లీ అందుకుంటుంది కదా అని కమాండ్ కొట్టాను. సున్నా నుంచి మొదలైంది.

మేనల్లుడికి ఫోన్ చేశాను.

'మ్యాప్‌ఫైల్ పేరు ఇచ్చావు కదా మామయ్యా?'

'అదేంట్రా?'

'ఎంతవరకూ చదివిందో రాసుకునే ఫైలు. అది లేకపోతే మొదటికొస్తుంది. ఐదో నిమిషంలో చెప్పాను కదా. సింపుల్, మళ్లీ మొదలుపెట్టు.'

ఐదో నిమిషంలో! ప్రాణాధారమైన ముక్కని ఐదో నిమిషంలో పెట్టేవాడికి కంప్యూటర్లు ఎవరు నేర్పారో.

రెండోసారి సంగతి చెప్పను. తెల్లారింది.

డేటా వచ్చింది, ఫోల్డర్లే రాలేదు. చివరికి ఫొటోరెక్ అనే ప్రోగ్రాం బైట్ల ఆనవాళ్లు పట్టుకుని ఫొటోలను వెలికితీసింది. వాటికి పేర్లుండవు, ఎఫ్ అక్షరం, పక్కన పెద్ద అంకె, అంతే. 38 వేల ఫైళ్లు. నాన్న నవ్వుతూ దిగిన ఫొటో ఒకటే ఉంది, అది పంపరా అని అక్క నిన్నట్నుంచి అడుగుతోంది. దాని కోసమే ఒక్కోటీ తెరుస్తున్నాను. ఎప్పుడో చూసిన వెబ్‌సైట్ల బాణం గుర్తులు, బటన్లు, గంట బొమ్మలు మాత్రం ఒక్కటీ పోకుండా భద్రంగా వచ్చాయి.

2,031వది తెరిచాను. ప్రింటర్ బొమ్మ. అక్క ఫోన్ మోగుతోంది. వేలు నొప్పి, ఎత్తలేను.