పోచమ్మ ఫ్లాట్ నంబరెంత?

ఆషాఢంలో ఒక ఆదివారం పొద్దున హైదరాబాద్ పడమటి శివారులో, పేరు చెప్పనవసరం లేని ఒక గేటెడ్ కమ్యూనిటీ ముందు, ఒక అవ్వ నెత్తిన బోనం పెట్టుకుని నిలబడింది. సున్నం, పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టిన కుండ, చుట్టూ వేపమండలు, పైన గాలికి రెపరెపలాడుతున్న దీపం. వెనక కోడలి చేతిలో అమ్మ ముందు పోసే సాక చెంబు, మనవడి మెడలో డప్పు. సెక్యూరిటీ పిల్లవాడు చేతిలో ట్యాబ్ పట్టుకుని, అడగాల్సిన ప్రశ్నే అడిగాడు.

"ఎవరింటికి?"

"పోచమ్మకు."

"ఫ్లాట్ నంబర్?"

"యాపచెట్టు కింద ఉంటది బిడ్డా."

ఆ పిల్లవాడిని నేను తప్పుపట్టను. అవ్వకు తెలిసింది యాప, అతనికి తెలిసింది యాప్. యాప్‌లో ఏ, బీ, సీ, డీ అని నాలుగు టవర్లున్నాయి, వేపచెట్టు అనే టవర్ లేదు. బయటివాళ్లు లోపలికి రావాలంటే ఇంటివాళ్లు ఫోన్‌లో ఒప్పుకుంటున్నట్టు నొక్కాలి. పోచమ్మకు ఫోన్ లేదు. ఊళ్ల మీదికి రోగం రాకుండా ఇన్ని తరాలు కాపలా కాసింది గానీ, ఒక సిమ్ తీసుకోవాలని ఆవిడకు తోచలేదు.

పోనీ కేటగిరీ చూసి పంపుదామంటే గెస్టు, డెలివరీ, క్యాబ్, మెయిడ్ అని నాలుగే ఉన్నాయి. భక్తులు అన్న గడి లేదు. సూపర్‌వైజర్ వచ్చి తల గోక్కుని, డెలివరీ కింద రాసేద్దామన్నాడు. ఆలోచిస్తే అందులో శాస్త్రవిరుద్ధమేమీ లేదు. భోజనం అన్న మాటే అరిగి బోనం అయింది. అమ్మకు ఏడాదికోసారి వండిన అన్నం మోసుకొచ్చింది కాబట్టి అవ్వ ఫుడ్ డెలివరీయే. కానీ డెలివరీ అయితే ఆర్డర్ నంబర్ ఉండాలి, సర్వీస్ లిఫ్టులో వెళ్లాలి. చెట్టు కిందికి లిఫ్టు లేదు. ఈ చర్చ నడుస్తుండగానే పిజ్జా కుర్రాడొకడు రెండుసార్లు లోపలికి వెళ్లి వచ్చాడు. నెత్తి మీద దీపం లేకపోవడం వల్ల అతని పని సులువైంది.

అసలు పోచమ్మ లోపలికి ఎలా వెళ్లిందో చెప్పాలి. ఇది ఊరుగా ఉన్న రోజుల్లో పోచమ్మది పొలిమేర. బిల్డరు చుట్టూ ఉన్న చెలకలన్నీ కొన్నాడు. చెట్టునూ, దాని కింద పసుపు రాసిన రాయినీ తీయమంటే జేసీబీ డ్రైవరు దిగి, చెప్పులు విడిచి, దండం పెట్టుకుని వెళ్లిపోయాడట. ఇక చేసేది లేక ఆవిడను లోపల వేసి గోడ కట్టారు. అలా ఊరి కాపలాదారుకు పద్నాలుగు అడుగుల గోడ, దాని మీద ఇనుప ముళ్లు, అరవై సీసీ కెమెరాలు కాపలా వచ్చాయి. బ్రోచర్‌లో స్విమ్మింగ్ పూల్ తర్వాత, జిమ్ముకు ముందు, 'హెరిటేజ్ టెంపుల్' అని పడింది.

తర్వాత అసోసియేషన్ ఆవిడను బాగుచేయడం మొదలుపెట్టింది. పోచమ్మ అన్న పేరు కొంచెం మాస్‌గా ఉందని జనరల్ బాడీలో ఎవరో అంటే, 'శ్రీశ్రీశ్రీ శీతలాంబికా దేవి' అని గ్రానైట్ మీద చెక్కించారు. పక్కన ఇంకో రాయి ఉండేది. అది పోతరాజు, ఆవిడ తమ్ముడు. దాన్ని పార్కింగ్ హద్దురాయి అనుకుని పసుపు నలుపు చారలు వేయించారు. ఇక కల్లు సాక బంద్, యాట బంద్, కోడి బంద్. 'అమ్మవారు సాత్వికాహారానికి మారినందున' అని మినిట్స్‌లో రాసుకున్నారు. ఆవిడను ఎవరు అడిగారో, ఎప్పుడు ఒప్పుకుందో మాత్రం రాయలేదు. మీటింగు అయ్యాక క్లబ్‌హౌస్‌లో సభ్యులకు మటన్ బిర్యానీ పెట్టారు.

అన్నిటికన్నా నాకు నచ్చింది రంగం సబ్‌కమిటీ. సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి గుడిలో బోనాల మర్నాడు, సోమవారం, ఒక స్త్రీ పచ్చికుండ మీద నిలబడి భవిష్యవాణి చెబుతుంది, అదే రంగం. వానల గురించి చెబుతుంది, పూజలు సరిగ్గా జరగకపోతే ఎదురుగా నిలబడ్డ పెద్దల మొహం మీదే కోప్పడుతుంది. మన దగ్గరా పెడదామన్నారు వీళ్లు. కాకపోతే భవిష్యవాణి ప్రతిని 3 రోజుల ముందు మెయిల్ చేయాలి, రెండున్నర నిమిషాలు మించకూడదు, ట్యాంకర్ల బిల్లు, సెల్లార్ లీకేజీ, పోయినేడాది ఆడిట్ ప్రస్తావన రాకూడదు. ఫ్లాట్ల రేటు పెరుగుతుందని చెబితే అభ్యంతరం లేదు. పచ్చికుండ జారితే బాధ్యత ఎవరిదో లీగల్ సెల్ తేల్చేదాకా ప్లాస్టిక్ స్టూలు వాడాలని తీర్మానించారు. పోతరాజు వేషానికి ఈవెంట్ మేనేజర్ జిమ్ ట్రైనర్‌ను కుదిర్చాడు. ఒంటికి పసుపు రాస్తే అలర్జీ అన్నాడని పసుపు రంగు టీషర్ట్ వేశారు. కొరడా కూడా ఉంది, స్పాంజిది.

సికింద్రాబాద్ గుడినైనా ఏ ప్రెసిడెంటూ వైస్ ప్రెసిడెంటూ మొదలుపెట్టలేదు. 1813లో ఇక్కడ కలరా వచ్చి జనం రాలిపోతుంటే, పటాలంతో ఉజ్జయిని వెళ్లిన సురిటి అప్పయ్య అక్కడి మహంకాళికి మొక్కుకున్నాడనీ, తిరిగొచ్చి 1815లో ఇక్కడ కట్టె విగ్రహం నిలిపాడనీ చెబుతారు. డోలీలు మోసే మనిషి. ఇవాళ వస్తే ఆయన్ని కూడా ఫ్లాట్ నంబర్ అడుగుదురు.

వేళాకోళం చేద్దామనే కూర్చున్నాను గానీ ఇక్కడికొచ్చేసరికి చేత కావడం లేదు. మశూచి వస్తే మనవాళ్లు రోగం పేరు పలికేవాళ్లు కాదు, అమ్మ పోసిందనేవాళ్లు. పెద్ద పెద్ద ఇళ్లలో కన్నవాళ్లే పిల్లల మంచం దగ్గరికి పోవడానికి జంకిన రోజులవి. వేపమండలతో విసిరింది, ఒళ్లు తుడిచింది, చచ్చినవాళ్లను మోసుకెళ్లింది ఈ అవ్వ తల్లి లాంటివాళ్లు. దేశంలో మశూచి లేదని 1977లో ప్రకటించాం. టీకాలు తరిమాయి, సంతోషం. కానీ ఆ కాలమంతా పోచమ్మకు తోడున్నది వీళ్లే. కుండ చేసిన కుమ్మరీ, డప్పు కొట్టిన మాదిగా, పూజ చేసిన బైండ్లాయనా ఇవాళ ఆ గేటుకు విజిటర్లా? మీ స్విమ్మింగ్ పూల్ ఉన్న చోట ఆ అవ్వ మామ జొన్న వేసేవాడు. సోమవారం నుంచి శనివారం దాకా అదే అవ్వ చీపురు కోసం, అంట్ల కోసం వస్తే బొటనవేలు ఆనించగానే గేటు తెరుచుకుంటుంది. మెయిడ్ అన్న గడిలో ఆమె ఫొటో ఉంది. ఆదివారం బోనం ఎత్తుకొస్తే మాత్రం ఎవరు నువ్వని అడుగుతారు! మీ సింకులో గిన్నెలు తోమే చెయ్యి అమ్మకు అన్నం పెట్టకూడదా? సిగ్గుండాలి.

సరే. గంటన్నర అయింది. అసోసియేషన్ కార్యదర్శి ఫోన్ ఎత్తలేదు, లోపల 'బెస్ట్ డెకరేటెడ్ బోనం' పోటీకి జడ్జిగా ఉన్నాడట. ఎల్ఈడీ దీపాలున్న ఇత్తడి బిందెకు మొదటి బహుమతి వచ్చిందని తర్వాత తెలిసింది. దీపంలో నూనె అయిపోవస్తోంది. అవ్వ కోడలి చేతిలోంచి చెంబు అందుకుని, గేటు కర్ర ముందే, స్పీడ్ బ్రేకర్ మీద సాక పోసింది. పసుపు నీళ్లు, వేపాకులు. మనవడు డప్పు ఎత్తుకున్నాడు.

"నువ్వే బయటికి రా తల్లీ," అంది అవ్వ. "లోపలేమున్నది నీకు."

సెక్యూరిటీ పిల్లవాడిది ఒడిశా అట. ట్యాబ్ కుర్చీలో పెట్టి, బూట్లు విప్పి, ఆ తడి మీద వంగి దండం పెట్టుకున్నాడు. కెమెరాలో రికార్డయింది కాబట్టి అతనికి మెమో వచ్చింది. ఆ నెల మెయింటెనెన్స్ బిల్లులో 'మెయిన్ గేట్ మరకల క్లీనింగ్' అని ఫ్లాటుకు 11 రూపాయలు వేశారు, జీఎస్టీ అదనం.